ఈ రోజు సెలవు... ఎవరిచ్చారు?

ఆదివారం ప్రార్థన, శుక్రవారం నమాజు, సోమవారం ఉపవాసం, పున్నమికి శీలవ్రతం... మతాలు మనిషికి దేవుణ్ణి చూపించాయో లేదోగానీ, గోడమీద క్యాలెండర్‌ని మాత్రం కచ్చితంగా ఇచ్చాయి. మనం ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు పని ఆపాలి... అన్నీ అవే చెప్పాయి. ఏడు రోజుల వారం చుట్టూ అల్లుకున్న ఆ కథే ఇది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదైంది. అలారం మోగలేదు. పిల్లలు ఇంకా ముసుగు తీయలేదు. వంటింట్లో ఇడ్లీకి సెలవిచ్చి పూరీ పిండి కలుపుతున్నారు. వీధి చివర చికెన్ షాపు ముందు అప్పుడే నలుగురు నిలబడ్డారు. పక్క సందులో చర్చి గంట మోగుతోంది. నాన్న చేతిలో కాఫీ, ఒళ్లో ఈ పుస్తకం.

అప్పుడే లేచిన ఏడేళ్ల బుడతడు కళ్లు నులుముకుంటూ వచ్చి అడుగుతాడు: ‘‘నాన్నా, ఆదివారమే ఎందుకు సెలవు? బుధవారం ఎందుకివ్వరు?’’

ఏం చెబుతాం! ‘‘ఎప్పట్నుంచో అంతేరా’’ అనేసి పేజీ తిప్పేస్తాం. ఇంతలో కాలింగ్ బెల్ మోగుతుంది. రోజూలాగే పనమ్మాయి వచ్చింది. తలుపు తీస్తాం. వాడి ప్రశ్న అక్కడితో మర్చిపోతాం.

నిజానికి అది చాలా పెద్ద ప్రశ్న. జవాబు వెతుక్కుంటూ వెళ్తే జెరూసలేం, రోమ్, మదీనా, రాజగృహం... ఇన్ని ఊళ్లు తిరిగి, చివరికి ముంబయి బట్టల మిల్లుల దగ్గర తేలతాం.

ఆకాశంలో లేని వారం

భూమి తన చుట్టూ తాను తిరిగితే రోజు. చంద్రుడు పెరిగి తరిగితే నెల. సూర్యుడి చుట్టూ భూమి ఒక చుట్టు పూర్తిచేస్తే ఏడాది. ఈ మూడూ ఆకాశం చూసి చెప్పేయొచ్చు. మరి వారం? ఆకాశంలో ఎక్కడా ఏడు రోజులకోసారి జరిగే వింత లేదు. నెలను ఏడుతో భాగిస్తే సరిగా పోదు. ఏడాదిని భాగించినా 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. అందుకేగా, ఈ ఏడాది సోమవారం వచ్చిన పుట్టినరోజు పై ఏడాది మంగళవారమో బుధవారమో వస్తుంది!

అంటే వారం పూర్తిగా మనిషి కల్పన. ప్రాచీన ఈజిప్టులో పది రోజులకో విభాగం ఉండేది. రోమన్లు ఎనిమిది రోజులకోసారి సంత పెట్టుకునేవారు. మనదేశంలో వేదకాలం వాళ్లకు తిథి, నక్షత్రం చాలు, వారం అక్కర్లేకపోయింది. అలాంటిది ప్రపంచమంతా ఏడు దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

గొడ్డుకీ ఒక రోజు

ఆ కథ యూదులతో మొదలవుతుంది. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించి, ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని వాళ్ల ధర్మగ్రంథం చెబుతుంది. కాబట్టి మనిషి కూడా ఏడో రోజు పని మానాలి. అదే సబ్బాతు. ఆగిపోవడం అన్న అర్థమున్న మాట నుంచి వచ్చింది ఆ పేరు. శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై, శనివారం రాత్రి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించేదాకా ఉంటుందది.

క్రీ.పూ. 586లో బాబిలోనియన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చి, యూదుల్లో చాలామందిని చెరపట్టి తీసుకెళ్లారు. తర్వాత మళ్లీ కట్టుకున్న ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు నేలమట్టం చేశారు. గుడి పోయింది. దేశం పోయింది. కానీ ఏడో రోజును ఎవరు కూల్చగలరు? ఏ దేశంలో తలదాచుకున్నా శుక్రవారం సాయంత్రం ఇంట్లో రెండు దీపాలు వెలిగించుకుంటే చాలు... అదే వాళ్ల గుడి అయ్యింది. ఊరూరా చెల్లాచెదురైన జాతిని రెండువేల ఏళ్లపాటు కలిపి ఉంచిన వాటిలో ఈ వారపు సెలవుది పెద్ద పాత్ర.

ఇప్పటికీ నిష్ఠగల యూదుల ఇళ్లలో సబ్బాతునాడు నిప్పు రాజేయరు. వంట ముందురోజే అయిపోవాలి. అందుకే సన్నటి సెగమీద రాత్రంతా ఉడికే చోలెంట్ అనే కూర పుట్టుకొచ్చింది. స్విచ్ వేయడం కూడా నిప్పు రాజేయడంతో సమానమే వాళ్లకు. దీపాలకు ముందే టైమర్లు పెట్టుకుంటారు. ఇజ్రాయెల్‌లోని చాలా హోటళ్లలో ఆ రోజు లిఫ్టులు ఎవరూ మీట నొక్కకుండానే ప్రతి అంతస్తులో వాటంతటవే ఆగుతూ వెళ్తాయి!

ఇదంతా ఒక ఎత్తు. అసలు విశేషం మరోటుంది. యూదుల పది ఆజ్ఞల్లో ఈ విశ్రాంతి ఇంటి యజమానికి మాత్రమే కాదు. కొడుకూ కూతురూ, దాసుడూ దాసీ, ఎద్దూ గాడిదా, ఇంటికొచ్చిన పరదేశీ... అందరికీ ఇవ్వాల్సిందేనని ఉంది. ఎందుకట? ఒకప్పుడు మీరూ ఈజిప్టులో బానిసలే కదా, గుర్తుంచుకోండి అంటుంది ద్వితీయోపదేశకాండం. బానిసలకు రాత్రీ పగలూ తేడా లేని కాలంలో చెప్పిన మాటది. వారానికో సెలవు అన్న హక్కుకు పునాదిరాయి అదే.

సోమవారం తర్వాత మంగళవారమే ఎందుకు?

యూదులు రోజులకు పేర్లు పెట్టలేదు. ఒకటో రోజు, రెండో రోజు అని లెక్కపెట్టుకుంటూ పోయి ఏడోదానికి మాత్రం సబ్బాతు అన్నారు. మరి గ్రహాల పేర్లు ఎక్కణ్నుంచి వచ్చాయి? మన పంచాంగంలోని ‘హోర’ దగ్గరే ఆ తాళంచెవి ఉంది.

రెండువేల ఏళ్ల క్రితం మధ్యధరా తీరంలోని జ్యోతిషులు ఏడు గ్రహాలను నెమ్మదిగా కదిలేదానితో మొదలుపెట్టి వరసగా పేర్చారు. శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజులోని ఒక్కో గంటనూ ఒక్కో గ్రహానికి అప్పగించారు. పొద్దున్న మొదటి గంట ఎవరిదైతే ఆ రోజు వాళ్లది. మొదటి గంట రవిదైతే ఎనిమిది, పదిహేను, ఇరవై రెండో గంటలూ ఆయనవే. ఇరవై మూడు శుక్రుడిది, ఇరవై నాలుగు బుధుడిది. మర్నాడు తొలి గంట? చంద్రుడిది! అందుకే ఆదివారం తర్వాత సోమవారం. అలాగే లెక్కేసుకుంటూ పోండి... మంగళ, బుధ, గురు, శుక్ర, శనివారాలు వరసగా వచ్చేస్తాయి. కావాలంటే పిల్లలతో కాగితం మీద వేయించి చూడండి. హోర అన్న మాట కూడా గ్రీకులదే.

ఈ లెక్క వర్తకులతోపాటు మనదేశానికీ వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో గుప్తరాజు బుధగుప్తుడి కాలంనాటి స్తంభశాసనం ఉంది. అందులో తిథితోపాటు గురువారమని కూడా చెక్కారు. కాలం క్రీ.శ. 484. మనదేశంలో వారం పేరు కనిపించే అతిపాత శాసనాల్లో అదొకటి.

వచ్చాక మాత్రం వారం మన ఇంటి మనిషైపోయింది. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, శుక్రవారం లక్ష్మీదేవికి, శనివారం వేంకటేశ్వరుడికి. శుక్రవారం సాయంత్రం ఇంట్లోంచి డబ్బు బయటికివ్వరు. మంగళవారం క్షవరం చేయించుకోరు. శనివారం ఇనుము కొనరు. కోస్తాలో గురువారం లక్ష్మివారమైంది. తెలంగాణలో బేస్తారమైంది. ఆదివారం ఐతారమైంది. కర్నూల్లో బుధవారపేట, హైదరాబాద్ పాతబస్తీలో జుమ్మేరాత్ బజార్... రోజుల పేర్లతో ఏకంగా పేటలే వెలిశాయి.

సూర్యుడి రోజు... ప్రభువు రోజు

యేసు యూదుడే. ఆయన తొలి శిష్యులూ యూదులే. వాళ్లూ సబ్బాతు పాటించినవాళ్లే. అయితే శుక్రవారంనాడు శిలువ వేసిన తమ గురువు వారంలో మొదటిరోజున, అంటే ఆదివారం తెల్లవారుజామున మళ్లీ లేచాడన్నది వాళ్ల విశ్వాసం. దాంతో ఆ రోజు కలిసి రొట్టె విరుచుకోవడం, ప్రార్థన చేసుకోవడం మొదలైంది. అప్పట్లో అది సెలవురోజు కాదు. రోమ్ నగరంలో ఆదివారం అందరికీ మామూలు పనిదినమే. కూలీలూ బానిసలూ తెల్లారకముందో చీకటిపడ్డాకో కలుసుకునేవారు.

మూడు వందల ఏళ్లపాటు అంతే. తర్వాత చక్రవర్తి కాన్‌స్టాంటైన్ వచ్చాడు. క్రీ.శ. 321 మార్చి 7న ఒక ఆజ్ఞ జారీ చేశాడు. ఆదివారంనాడు న్యాయస్థానాలు మూసేయాలి, పట్టణాల్లో జనం, చేతివృత్తులవాళ్లు పని మానాలి. ఆ ఆజ్ఞలో క్రీస్తు పేరు లేదు... ‘పూజ్యుడైన సూర్యుడి రోజు’ అనే ఉంది. పాత సూర్యారాధకులూ, కొత్త క్రైస్తవులూ ఇద్దరూ సంతోషించే ఏర్పాటన్నమాట! రైతులకు మాత్రం మినహాయింపు. వాన పడ్డప్పుడు విత్తకపోతే పంట పోతుంది కదా.

మన బుడతడి ప్రశ్నకు మొదటి సగం జవాబు ఇదే.

క్రైస్తవం వారంతోనే ఆగలేదు. ఆరో శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠాల్లోని సన్యాసులు రోజులో ఏయే వేళల్లో ప్రార్థించాలో, ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు చదవాలో నియమం పెట్టాడు. వేళ తప్పకుండా గంట కొట్టాలి. రాత్రి ప్రార్థనకు సరైన సమయంలో లేపేదెవరు? ఆ అవసరాల్లోంచే పదమూడో శతాబ్దం చివర యూరప్‌లో పళ్లచక్రాల గడియారాలు పుట్టుకొచ్చాయి. గడియారానికి ఇంగ్లిషులో వాడే ‘క్లాక్’ అన్న మాటకు మూలం గంట అనే అర్థమున్న లాటిన్ పదమే. మనకైతే వేరే చెప్పాలా! మోగేదీ గంటే, అరవై నిమిషాలదీ గంటే.

మనం రోజూ తేదీ పక్కన వేసే సంవత్సరం లెక్కా అక్కడిదే. క్రీ.శ. 525లో డయొనీషియస్ అనే సన్యాసి ఈస్టరు తేదీల పట్టిక తయారుచేస్తూ యేసు పుట్టుకతో మొదలయ్యే ఈ లెక్క వేశాడు. ఈస్టరుకో చిక్కుంది మరి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక తొలి ఆదివారం రావాలది. సూర్యుడూ చంద్రుడూ వారం... మూడూ కుదరాలి. పాత క్యాలెండరు ఏటా కొన్ని నిమిషాలు తప్పుతూ పోవడంతో పదహారో శతాబ్దానికి పది రోజుల తేడా వచ్చేసింది. పోప్ గ్రెగరీ 1582లో దాన్ని సరిచేశాడు. ఆ ఏడాది అక్టోబరు 4 గురువారం పడుకున్నవాళ్లు లేచేసరికి అక్టోబరు 15 శుక్రవారం! పది తేదీలు మాయమైనా వారాల వరస మాత్రం చెదరలేదు చూశారా.

పని మానమనలేదు... పిలిస్తే రమ్మంది

క్రీ.శ. 610. మక్కా దగ్గర హీరా గుహలో ధ్యానంలో ఉన్న నలభై ఏళ్ల వర్తకుడు ముహమ్మద్‌కు తొలి దైవవాణి వినిపించిందని ముస్లింల విశ్వాసం. ఒక్కడే దేవుడు, ఆయన ముందు అందరూ సమానమే అన్న బోధ మక్కా పెద్దలకు నచ్చలేదు. 622లో ఆయన అనుచరులతో మదీనాకు వలస వెళ్లారు. అదే హిజ్రత్. ఆ ప్రయాణం జరిగిన ఏడాదినే మొదటి ఏడాదిగా తీసుకుని రెండో ఖలీఫా ఉమర్ హిజ్రీ క్యాలెండరును స్థిరపరిచారు. పుట్టుకనో పట్టాభిషేకాన్నో కాకుండా, ఒక వలసను కాలానికి ఆరంభంగా పెట్టుకున్న క్యాలెండరది.

జుమ్మా అంటే అందరూ ఒకచోట చేరడం. శుక్రవారం మధ్యాహ్నం పిలుపు వినగానే బేరసారాలు ఆపి రమ్మంటుంది ఖురాన్. నమాజు అయ్యాక మళ్లీ వెళ్లి బతుకుతెరువు చూసుకోమనీ అంటుంది. అంటే శుక్రవారం మొదట్లో పూర్తి సెలవురోజు కానేకాదు. పాతబస్తీలో ఇప్పటికీ చూడొచ్చు... జుమ్మా వేళకు షట్టర్లు సగం దించుతారు, గంటసేపట్లో మళ్లీ ఎత్తుతారు.

ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా... ఐదు పూటల నమాజుకూ సమయం సూర్యుణ్ణి బట్టే. తెలిమంచు వెలుగు, మిట్టమధ్యాహ్నం దాటిన పొద్దు, సాగిన నీడ, అస్తమయం, చీకటి. ఇవి ఊరూరికీ, రోజురోజుకీ మారతాయి. ఈ లెక్కలు వేయడానికే పదమూడో శతాబ్దం నుంచి పెద్ద మసీదుల్లో మువఖ్ఖిత్ అనే ఖగోళ పండితుణ్ణి నియమించడం మొదలైంది. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఆ కొలువు చేసిన ఇబ్న్ అల్ షాతిర్ 1371లో తయారుచేసిన పెద్ద నీడగడియారం చరిత్రలో నిలిచిపోయింది. దేవుడి వేళ తప్పకూడదన్న తపన శాస్త్రాన్ని ఎంత దూరం నడిపించిందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

హిజ్రీ ఏడాదికి 354 రోజులే. మన లెక్కకన్నా దాదాపు పదకొండు రోజులు తక్కువ. అధికమాసం కలపడానికి వీల్లేదు. అందుకే రంజాన్ ఏటా ముందుకు జరుగుతుంది. 2016లో జూన్ ఎండల్లో మొదలైన ఉపవాసాలు 2024లో మార్చిలోకి వచ్చాయి. 33 ఏళ్లు బతికిన ముస్లిం ప్రతి రుతువులోనూ రోజా ఉన్నట్టే. ఎండాకాలం కష్టం ఒక్క దేశం వాళ్లకే, ఒక్క తరానికే పడకుండా తిరుగుతూ ఉంటుందన్నమాట. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి... ఒకే ఏడాదిలో రెండు రంజాన్‌లు మొదలవుతాయి!

పున్నమికి సెలవు

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. బుద్ధుడి కాలంలో మగధ రాజధాని రాజగృహం. అక్కడ ఇతర పరివ్రాజకులు పున్నమికీ అమావాస్యకూ అష్టమికీ ఒకచోట చేరి ధర్మం చెబుతుంటే జనం గుంపులుగా వెళ్లి వినేవారట. అది గమనించిన బింబిసారుడు, మీ భిక్షువులు కూడా అలా చేస్తే బాగుంటుంది కదా అని బుద్ధుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. అలా మొదలైందే ఉపోసథ వ్రతం. చంద్రుడి నడకను బట్టి ఏడెనిమిది రోజులకోసారి వస్తుంది కాబట్టి ఇదీ ఒకరకం వారమే.

వానాకాలం మూడు నెలలూ భిక్షువులు తిరగడం మాని ఒకేచోట ఉండాలన్న నియమమూ అప్పటిదే. కారణం చాలా సాదాసీదా... వర్షాల్లో తిరిగితే లేత పంటలూ, పురుగూపుట్రా కాళ్లకింద నలిగిపోతాయి. జైనులకూ అంతే. మన పీఠాధిపతుల చాతుర్మాస్య దీక్షలోనూ ఆ పోలికే కనిపిస్తుంది. భీమిలి దారిలోని తొట్లకొండమీదా, నాగార్జునకొండలోనూ వరసగా కనిపించే చిన్నచిన్న గదుల పునాదులు అలా ఉండిపోయిన భిక్షువులవే. మధ్యాహ్నం దాటితే వాళ్లు తినకూడదు. కాబట్టి వేళ తెలియాలి. ఏడో శతాబ్దంలో నలందాకు వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, అక్కడ నీళ్లలో చిల్లుగిన్నె తేలేసి సమయం కొలిచి, డప్పు కొట్టడం చూసి రాసుకున్నాడు. ఆ గిన్నె పేరే ఘటిక. మన గడియా, గడియారమూ దాన్నుంచి వచ్చినవే.

శ్రీలంకలో ప్రతి పున్నమీ సెలవే. పోయా అంటారు. ఆ రోజు మద్యం, మాంసం దుకాణాలు మూసేస్తారు. 1966లో అయితే వాళ్లు ఏకంగా శని, ఆదివారాల సెలవులే తీసేసి చంద్రకళల ప్రకారం సెలవులు పెట్టుకున్నారు. కానీ ఓడలూ బ్యాంకులూ విదేశీ వ్యాపారాలూ ప్రపంచం లెక్కలో నడుస్తుంటే కుదిరేనా? కొన్నేళ్లకే మళ్లీ ఆదివారానికి వచ్చేశారు.

ఇక మన పంచాంగానిది రాజీమార్గం. నెలలు చంద్రుడివి, రుతువులు సూర్యుడివి. రెంటికీ తేడా పెరిగినప్పుడల్లా, అంటే సుమారు ముప్ఫై రెండున్నర నెలలకోసారి ఒక అధికమాసం కలుపుతాం. 2023లో అధిక శ్రావణం, 2026లో అధిక జ్యేష్ఠం అలా వచ్చినవే. కాబట్టే ఉగాది ఎప్పుడూ వేపపూత వేళకే వస్తుంది. యూదులూ ఇదే పని చేస్తారు, పందొమ్మిదేళ్లకు ఏడు నెలలు కలుపుకొంటారు. ఎవరి మతం వారిదే, చంద్రుడితో ఇబ్బంది మాత్రం అందరిదీ ఒకటే!

వారాన్ని చెరిపేద్దామనుకున్నారు

మతం పెట్టిన లెక్క మాకెందుకని తిరగబడ్డవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచి విప్లవకారులు 1793లో పదిరోజుల వారం తెచ్చారు. ఏడోరోజు వచ్చే సెలవు పదోరోజుకి పోయింది. పల్లెల్లో రైతులు మాత్రం ఆదివారమే మానేశారు. పన్నెండేళ్లు తిప్పలుపడి 1806 జనవరి 1 నుంచి పాత పద్ధతికే తిరిగొచ్చారు.

సోవియట్ రష్యా ఇంకో అడుగు ముందుకేసింది. 1929లో ఐదు రోజుల వారం పెట్టి కార్మికులను ఐదు రంగుల జట్లుగా విడగొట్టింది. ఒక్కో రంగుకు ఒక్కో రోజు సెలవు. యంత్రం ఎప్పుడూ ఆగదు. లెక్క ప్రకారం సెలవులు పెరిగాయి కూడా. కానీ భర్తకు సెలవున్నరోజు భార్యకు పని. ఇద్దరికీ ఉన్నరోజు పిల్లలకు బడి. స్నేహితులు కలవరు, ఇంటికి చుట్టాలు రారు. జనం గొణిగారు. రెండేళ్లకే అందరికీ ఒకే రోజు సెలవుండేలా మార్చారు. 1940లో ఏడు రోజుల వారమే మళ్లీ వచ్చింది.

సెలవంటే పని లేకపోవడం ఒక్కటే కాదు, అందరికీ ఒకేసారి పని లేకపోవడం. ఆ సంగతి రష్యా పాలకులకు రెండేళ్లు పడితేగానీ అర్థం కాలేదు.

మనకు ఆదివారం ఇప్పించిందెవరు?

మళ్లీ మన బుడతడి దగ్గరకొద్దాం. బ్రిటిష్ దొరలకు ఆదివారం చర్చి ఉంది కాబట్టి ఆఫీసులకు సెలవు. మరి మిల్లు కూలీలకు? పొద్దు పొడవకముందు వెళ్తే పొద్దుగూకాకే ఇల్లు చేరడం. వారానికో సెలవన్నది కలలో మాట.

అప్పుడు ముందుకొచ్చినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. జ్యోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమంలో పనిచేసినవాడు, ‘దీనబంధు’ పత్రిక నడిపినవాడు. 1884 నుంచీ ముంబయి మిల్లు కార్మికుల్ని కూడగట్టి వారపు సెలవు అడగడం మొదలుపెట్టాడు. 1890 ఏప్రిల్‌లో జరిగిన సభకు దాదాపు పదివేల మంది కార్మికులు వచ్చారు. ఇద్దరు స్త్రీలు కూడా వేదికెక్కి మాట్లాడారు. చివరికి ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మహారాష్ట్రలో ఆదివారం ఖండోబా దేవుడి రోజు కూడా! అలా యూదుల ఏడోరోజు, రోమన్ల సూర్యుడు, క్రైస్తవుల ప్రభువు, మరాఠా పల్లె దేవుడు... ఇంతమంది కలిస్తే, పైన ఒక కార్మిక నాయకుడు ఆరేళ్లు పట్టుబడితే వచ్చింది మనకు ఆదివారం. 2005లో తపాలాశాఖ లోఖండే పేరుమీద స్టాంపు విడుదల చేసింది. స్వాతంత్య్రం వచ్చాక 1948 నాటి కర్మాగారాల చట్టంలోనూ వారపు సెలవుకు చోటు దక్కింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లున్న ఇళ్లలో ఈ లెక్క వేరు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల్లో ఎన్నో ఇళ్లకు శుక్రవారమే ఆదివారం. నాన్న ఫోన్ వచ్చేది ఆ రోజే. అక్కడి తెలుగు క్రైస్తవులు కూడా ఆదివారం ఆరాధనను శుక్రవారమే చేసుకునేవారు. తర్వాత అక్కడా మారింది. గురు, శుక్రవారాలు సెలవుగా ఉన్న సౌదీ 2013లో శుక్ర, శనివారాలకు మారింది. 2022 జనవరి నుంచి యూఏఈ శుక్రవారం ఒక పూట పనిచేసి, శని, ఆదివారాలు సెలవిస్తోంది. కువైట్‌లో మాత్రం శుక్ర, శనివారాలే.

మరి ఆమెకు?

ఇంత కథ విన్నాక ఒక్కసారి పొద్దున్న మోగిన కాలింగ్ బెల్ గుర్తుచేసుకుందాం.

ఆదివారం మనకు సెలవు కాబట్టి ఆమెకు గిన్నెలు ఎక్కువ. పూరీ మూకుడు, చికెన్ గిన్నె, మధ్యాహ్నం వచ్చే చుట్టాల కంచాలు. హోటల్లో సప్లయరుకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ, ఇంటికి బిర్యానీ తెచ్చిచ్చే కుర్రాడికీ ఆదివారమే రద్దీ. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారంలో వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తీర్మానించింది. కానీ చట్టం మన వంటింటి దాకా రావాలంటే చాలాకాలం పడుతుంది. మన మాటైతే ఈ పూటే చేరుతుంది.

ఆదివారమే ఇవ్వాలనేం లేదు. ఆమె ఇంట్లో పిల్లలకు బడిలేని రోజో, ఆమె చర్చికో గుడికో దర్గాకో వెళ్లే రోజో... ఏదో ఒకటి. జీతం కోయకుండా. ఆ ఒక్కరోజు మన గిన్నెలు మనమే తోముకుంటే చేతులు అరిగిపోవు. దాసీకి, ఎద్దుకు, గాడిదకు కూడా ఒక రోజివ్వాలని వేల ఏళ్ల కిందటే రాసిపెట్టుకున్నారు కదా మరి!

ఈసారి పిల్లాడు ‘ఆదివారమే ఎందుకు సెలవు?’ అనడిగితే ఈ కథంతా చెప్పండి. వాడు మాత్రం ఊరుకోడు. ‘మరి మన పనమ్మాయికి ఎప్పుడు?’ అంటాడు. దానికి జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ఇంకొన్ని ముచ్చట్లు

• పోర్చుగీసు భాషలో సోమవారం నుంచి శుక్రవారం దాకా గ్రహాల పేర్లు లేవు. సోమవారం ‘రెండోది’, మంగళవారం ‘మూడోది’... ఇలా అంకెలే. స్పానిష్‌లో శనివారాన్ని ‘సబాదో’ అంటారు. సబ్బాతే అది.

• బహాయీల ఏడాదిలో 19 నెలలు, నెలకు 19 రోజులు. లెక్కకు తగ్గిన నాలుగైదు రోజుల్ని విందులకూ దానధర్మాలకూ కేటాయిస్తారు.

• పార్శీల క్యాలెండర్లో నెలలోని ప్రతి రోజుకూ ఒక దేవతాశక్తి పేరుంటుంది. ‘ఈ రోజు ఎంత తేదీ’ అని కాదు, ‘ఈ రోజు ఎవరిది’ అని అడగాలి.

• నిష్ఠగా ఉండే జైనులు సూర్యాస్తమయం తర్వాత భోజనం చేయరు. దీపం చుట్టూ చేరే పురుగులు ఆహారంలో పడి చనిపోతాయన్నది ఒక కారణం.

• వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12న సంక్రాంతి. ఇప్పుడది 14నో 15నో వస్తోంది. నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ ఉన్న చిన్న తేడావల్ల సుమారు 70 ఏళ్లకో రోజు చొప్పున సంక్రాంతి వెనక్కి జరుగుతూ ఉంటుంది.

• స్వాతంత్య్రం వచ్చాక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా నాయకత్వంలో వేసిన సంఘం దేశంలో దాదాపు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉన్నట్టు గుర్తించింది. దాని సిఫార్సుతోనే 1957 మార్చి 22న శక జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చింది.